దమ్ముంటే ఎక్కమన్నారట

ప్రశ్న: మేష్టారికి నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం. వయసు 39. పదో తరగతి బ్యాచి ఐదుగురం ఏడాదికోసారి ఎక్కడికో ఒకచోటికి వెళ్తాం. ఈసారి సియాటిల్ నుంచి సెలవుకొచ్చిన మావాడొకడు మారేడుమిల్లి అవతల మెట్లూ దారీ లేని కొండ ఎక్కుదామన్నాడు. వాడక్కడ ‘స్క్రాంబ్లింగ్’ చేస్తాడట. అంటే తాడూ గీడూ లేకుండా బండల మీద చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతూ ఎక్కడం. మార్చి రెండో ఆదివారం బయల్దేరాం. రంపచోడవరంలో టిఫిన్లు చేసి కొండ కింద బండి ఆపేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే ఎక్కడో అడవి కాలుతున్న వాసన. ‘సమీర్ యాప్‌లో రాజమండ్రికి గాలి కాలుష్యం అంకె 140 ఏ ఉందిరా, మేం సియాటిల్లో 150 ఉన్నప్పుడు కూడా ఎక్కాం’ అన్నాడు మావాడు. సగం ఎక్కేసరికి ఎదుటి కొండ కనబడ్డం మానేసింది. సూర్యుడు కోడిగుడ్డు సొనలా ఉన్నాడు, తేరిపార చూడొచ్చు. గొంతు మంట, తలనొప్పి. నేను దిగిపోతానన్నాను. నాతో ఇంకొకడు దిగాడు. మిగతా ముగ్గురూ పైకెళ్ళి ఫొటోలు దిగి వచ్చారు, ఒకటి మీకూ పంపుతున్నాను. అప్పట్నుంచి గ్రూపులో నేనే జోకు. ‘చెట్టు ఎక్కించేవాడివే గానీ ఎక్కేవాడివి కాదురా’ అంటున్నారు. ఉగాది వెళ్ళిన ఆదివారం మళ్ళీ అదే కొండకట. ‘దమ్ముంటే ఈసారి పైదాకా రా, ఎన్-95 మాస్కులు మేం తెస్తాం’ అని మెసేజీ. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేదని అమ్మ అంటుంది, ఇప్పుడేం లేదు. మా ఆవిడ వెళ్ళొద్దంటోంది. దిగిపోవడం పిరికితనమా? మాస్కు పెట్టుకుంటే వెళ్ళొచ్చా? వాళ్ళకేం చెప్పమంటారు?

జవాబు:

నాయనా, ముప్ఫై తొమ్మిదేళ్ళ వ్యాపారస్తుణ్ణి ‘నువ్వు’ అనడం మర్యాద కాదు. కానీ మేష్టారూ అని మొదలుపెట్టావు. ఉద్యోగమంతా డ్రిల్లు మేష్టారుగా చేసినవాడి నోటికి ఇంకో మాట రాదు, ఏమనుకోకు.

ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. దిగిపోయి మంచిపని చేశావు. నన్నడిగితే బండి దగ్గరే ఆగిపోవాల్సింది. ఉగాది తర్వాత ఆదివారం ఆ కొండకు వెళ్ళొద్దు, మాస్కు ఉన్నా సరే. మీ ఆవిడ మాట విను. అమ్మ చెప్పిన ఉబ్బసం సంగతి మాత్రం తేలిగ్గా వదిలెయ్యకు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

ఇక ఆ ‘దమ్ము’ మాట. మన డెల్టాలో రైతుకు దమ్ము అంటే నాట్ల ముందు నీళ్ళు పెట్టి మడి కలియదున్నడం. బడ్డీకొట్టు దగ్గర దమ్ము లాగడం అంటే చుట్టో సిగరెట్టో. సినిమా హీరోకైతే గుండెధైర్యం. ఈ చివరి రెండిటికీ కింద ఉన్న అర్థం ఊపిరి. మీవాళ్ళు గుండెధైర్యం సంగతి అడిగారు. కొండ మటుకు ఊపిరి సంగతే అడుగుతుంది, అదీ లెక్క కట్టి మరీ అడుగుతుంది.

అరుగు మీద ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. నిటారు బండల మీద పాకేవాడికి 50, 60 లీటర్లు కావాలి. అంటే పొగలో ఒక గంట ఎక్కడమూ, అదే పొగలో ఏడెనిమిది గంటలు అరుగు మీద కూర్చోవడమూ ఒకటే. పైగా కూర్చున్నవాడు ముక్కుతో పీలుస్తాడు, ఎక్కేవాడు నోరు తెరుస్తాడు. ముక్కు చేసే కాపలా కూడా పోయినట్టే. ఆ మాటకొస్తే ముక్కు ఆపగలిగేది పెద్ద దుమ్మునే. అడవి పొగలో నలుసులు దాదాపు అన్నీ 2.5 మైక్రాన్ల కంటే చిన్నవి. తలవెంట్రుక మందం 50, 70 మైక్రాన్ల మధ్య ఉంటుంది, పోల్చుకో. అవి ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలిగదుల దాకా వెళ్ళి కూర్చుంటాయి. మరీ సన్నవి నెత్తుట్లోకీ దిగుతాయి. అందుకే పొగ రోజుల్లో దగ్గు, ఆయాసమే కాక గుండెపోటు కేసులు కూడా పెరుగుతాయి. మీరు ఐదుగురూ నలభైలో పడబోతున్నారు. ఎవడికి బీపీ ఉందో, ఎవడు మాత్రలు మింగుతూ గ్రూపులో చెప్పడం లేదో నీకేం తెలుసు?

పొగ మనకేమన్నా కొత్తా మేష్టారూ, అంటావేమో. నిజమే, కోనసీమలో పొగ లేని నెల ఏది? దోమలకు కొబ్బరి డొక్కలు రాజేస్తాం. భోగినాడు మంచులో మంట వేసి ఊరంతా మసకచేస్తాం. కోతమిషన్లు వచ్చాక సార్వాకోసారి, దాళ్వాకోసారి చేలో గడ్డికీ దుబ్బులకీ అగ్గిపుల్ల గీస్తున్నాం. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి రెండు నెలలకు పైగా మండితే, రాత్రిపూట ఆ వెలుగు చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి జనం వెళ్ళారు. మంటంటే మనకంత చనువు. కానీ పొగకు అలవాటు పడిన ఊపిరితిత్తి అని ఒకటి ఉండదు. కట్టెలపొయ్యి ముందు జీవితం గడిపిన మా అమ్మ చుట్ట ముట్టిన మనిషి కాదు. ఆఖరి రోజుల్లో ఆవిడ ఎక్సరే చూసి డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, ‘ఎన్నేళ్ళు తాగారమ్మా?’ అని.

ఇంతవరకూ ఊపిరి సంగతి. నాకు అంతకంటే భయం తలకాయ సంగతి. నా అనుభవం ఒకటి చెబుతాను, అప్పట్లో హెడ్మాష్టరుగారికి కూడా చెప్పలేదు.

ఒక ఏప్రిల్లో పరీక్షలయ్యాక తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు పద్నాలుగు మందిని తీసుకుని రంపచోడవరం అవతల కొండెక్కాను. అప్పటికి అది నాకు పదకొండుసార్లు ఎక్కిన కొండ. చుట్టూ పోడు మంటలు, మబ్బు పట్టినట్టు పొగ. పర్వాలేదనుకున్నాను. దిగేటప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు, ‘మేష్టారూ, ఇందాకటి పుట్ట మళ్ళీ వచ్చిందండి’ అన్నాడు. నోరుముయ్యమన్నాను. కాసేపటికి మళ్ళీ, ‘ఇదీ అదే పుట్టండి’ అన్నాడు. తల పగిలిపోతోంది, కోపం వస్తోంది, వాడన్నదానికి జవాబు మాత్రం తోచడం లేదు. ఒక బండ మీద కూలబడ్డాను. చివరికి ఆ కుర్రాడే ముందు నడిచి అందర్నీ దింపాడు. పదకొండుసార్లు ఎక్కిన కొండ మీద నేను గుండ్రంగా తిరుగుతున్నాను, ఆ సంగతి నాకు తెలియలేదు.

మంటకు దగ్గరగా ఉన్న పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా లేని వాయువు. నెత్తురు ప్రాణవాయువును పట్టుకునే దానికంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక గంటల తరబడి వదలదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, తిక్క నిర్ణయాలు అన్నీ దాని లక్షణాలే. ఆ రోజు నన్ను పట్టింది అదో, ఎండో, నీళ్ళు తక్కువ తాగడమో ఇప్పటికీ తేల్చలేను. నీ తలనొప్పి సంగతీ అంతే. కొండ మీద నిలబడి అది ఏ తలనొప్పో తేల్చే ఉపాయం లేదు. తేల్చాల్సిన తలకాయే పొగలో ఉంది మరి. దిగడమొక్కటే మార్గం.

అందులోనూ మీరెక్కింది బండల కొండ. కోరుకొండ నరసింహస్వామి మెట్లు నిటారుగా ఉంటాయి గానీ, కళ్ళు మసకబారినా మెట్టు కింద మెట్టు ఉంటుందన్న ధీమా ఉంటుంది. బండల మీద ఆ ధీమా లేదు. ఎక్కేటప్పుడు చేతికి దొరికిన పట్టు దిగేటప్పుడు కాలికి కనబడదు. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, ఎదుటి కొండ గుర్తు పోయి ఉంటే, మోకాళ్ళు వణుకుతుంటే, అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష. పైకి చేరడం సగం పనే. మీవాళ్ళు ముగ్గురూ క్షేమంగా దిగారు, సంతోషం. దాన్ని రుజువుగా లెక్కపెట్టకు.

సియాటిల్ అబ్బాయిని నేను తప్పు పట్టను. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చు పొగ ఏటా ఉండేదే అయిపోయింది. బయల్దేరే ముందు అంకె చూసుకునే అలవాటు వాళ్ళకుంది, మంచి అలవాటే. చిక్కల్లా అతను రెండు దేశాల అంకెల్ని పక్కపక్కన పెట్టడంతో వచ్చింది. నలుసులు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు ఉన్నప్పుడు మన గాలి నాణ్యత సూచీ 100 చూపిస్తుంది. అమెరికా సూచీ 35 దగ్గరే 100 కొడుతుంది. వాళ్ళ 150 అంటే 55 మైక్రోగ్రాములన్నమాట. అదే గాలిని మన సూచీ వంద లోపు వేసి ‘సంతృప్తికరం’ అంటుంది. మన 140 అంటే 70 దాటిన లెక్క, వాళ్ళ సూచీలో 160 దరిదాపు. కాబట్టి ‘అక్కడికంటే ఇక్కడ నయం’ అని మీవాడు ఎక్కించిన గాలి, అతను అక్కడ ఎక్కినదానికంటే పాడు గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన రోజు సగటు హద్దు 15 మైక్రోగ్రాములే. కోపం తెచ్చుకోకుండా ఈ పేరా అతనికి చూపించు. లెక్కలొచ్చినవాడిలాగే ఉన్నాడు, ఒప్పుకుంటాడు.

ఇంకోటి కూడా ఉంది. ఆ 140 రాజమండ్రిది. మీ కొండకు ఎనభై కిలోమీటర్ల ఇవతలిది. పైగా సమీర్ యాప్‌లో నలుసుల అంకె 24 గంటల సగటు, అంటే నిన్నటి గాలిని కూడా కలుపుకున్నది. పొద్దున ఎనిమిదికి ఎవరో పక్క లోయలో అంటించిన మంట అందులో ఉండదు.

నేను అంకెకంటే కన్నును ఎక్కువ నమ్ముతాను. కొండ కింద బండి దిగగానే నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఏదో ఒక కొండకొమ్మును గుర్తు పెట్టుకుంటాను. దాని మీద చెట్లు విడివిడిగా కనబడితే సరే. కొమ్ము నీడలా మాత్రమే ఉంటే కింద తిరుగుతాను, ఎక్కను. కొమ్మే లేకపోతే బండెక్కి ఇంటికి. ఇది శాస్త్రం కాదు, నా పద్ధతి. చలికాలంలో మంచు వల్ల మోసపోవచ్చు. కానీ మంచు తొమ్మిది, పది గంటలకు విడిపోతుంది, వాసన ఉండదు. పొగ ఎండెక్కేకొద్దీ పైకి లేస్తుంది.

ఆ లేవడం ఎలాగో చెబుతాను, మీరు చేసిన అసలు పొరపాటు అక్కడే ఉంది. పగలు సముద్రం మీద నుంచి గాలి నేల మీదికి వస్తుంది, రాత్రి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. ఇది అంతర్వేదిలోనూ ఓడలరేవులోనూ వలవేసేవాళ్ళందరికీ తెలుసు. కొండల్లోనూ ఎండ ఆడించే ఆటే అది. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పొగను కూడా దింపి, మీద మూత పెట్టినట్టు కూర్చుంటుంది. తెల్లారగట్ల పైనుంచి చూస్తే లోయలో పాలు పోసినట్టు ఉండేది అందుకే. ఎండెక్కి వాలు వేడెక్కగానే మూత లేస్తుంది, గాలి వాలు వెంట పైకి పాకడం మొదలుపెడుతుంది. లోయలో రాత్రంతా పోగైన పొగ దానితోపాటే. రంపచోడవరంలో ఇడ్లీ, పెసరట్టు తిని తొమ్మిదిన్నరకు మీరు ఎక్కడం మొదలుపెట్టారు. పొగా అప్పుడే మొదలుపెట్టింది. సగం కొండ దాకా ఇద్దరూ జంటగా వెళ్ళారు.

ఇక్కడ ఒక భేదం గుర్తు పెట్టుకో. దూరపు కొండల మంట నుంచి కొట్టుకొచ్చే పొగ వేరు, నువ్వెక్కుతున్న వాలుకే కింద అంటుకున్న మంట వేరు. మొదటిదానితో ఆరోగ్యానికి నష్టం, రెండోదానితో ప్రాణానికే. మంట పైకి పరిగెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాని వేగం దాదాపు రెట్టింపవుతుందని అడవి మంటలతో పనిచేసేవాళ్ళ లెక్క. 30 డిగ్రీల వాలు మీద చదును నేల కంటే ఎనిమిది రెట్లు. మనిషి పరుగు సరిపోదు. 2018 మార్చి 11న, అదీ ఆదివారమే, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళిన జట్లు ఇలాగే మంటలో చిక్కుకున్నాయి. ఎండిన గడ్డి, ఈదురుగాలి, నిటారు వాలు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఆ ప్రభుత్వం కొండ నడకలకు ప్రత్యేకంగా నిబంధనలు రాసింది. కింద చిటపట వినిపించినా, బూడిద రేకులు మీద పడుతున్నా, పొగ తెలుపు నుంచి నలుపుకు తిరిగినా ఒక్క అడుగు పైకి వెయ్యకూడదు. ఇరుకు గండిలోకి దూరకూడదు, అది పొగగొట్టంలా లాగుతుంది. మంట వచ్చే దారి నుంచి పక్కవైపుగా జరిగి రోడ్డో, వెడల్పైన వాగు ఇసకో, ముందే కాలిపోయి చల్లారిన నేలో చూసుకుని నిలబడాలి.

ఈ మంటలు ఎవరు పెడతారని అడగలేదు గానీ చెబుతాను. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ అడవుల్లో మంటల కాలం. పోడు కోసం కొట్టిన చెట్టూచేమా కాలుస్తారు. ఇప్పచెట్టు కింద రాలాకులు తగలబెట్టి నేల శుభ్రం చేస్తారు, పువ్వు ఏరుకోడానికి. తునికాకు బాగా చిగురించాలనీ అంటిస్తారు. వాళ్ళ బతుకుతెరువు అది, తరాల నాటిది. వాళ్ళను తిట్టేముందు మనం చూసుకోవాలి. వాగు పక్కన బొంగు చికెన్ కాల్చుకుని, నిప్పు మీద రెండు చెంబుల నీళ్ళు పొయ్యకుండా కారెక్కే బృందాలు మైదానం నుంచి వెళ్ళినవే. మీరు అలాంటివాళ్ళు కారని నమ్ముతున్నాను.

మాస్కు సంగతి. ఎన్-95 మంచి మాస్కే. ముఖానికి ఎక్కడా సందు లేకుండా అతుక్కుంటే ఆ సన్న నలుసుల్లో నూటికి 95 ఆపుతుంది. గడ్డం ఉంటే అతుక్కోదు. వాయువులను అసలు ఆపదు, కార్బన్ మోనాక్సైడ్ దాని గుండా రాజాలా నడిచి వెళ్తుంది. ఇక నిమిషానికి 60 లీటర్లు లాగేవాడికి ఆ గుడ్డలోంచి గాలి చాలదనిపిస్తుంది. పావుగంటకు ముక్కు కిందకి లాగుతాడు, అరగంటకు గడ్డం కింద వేలాడదీస్తాడు. కోవిడ్ రోజుల్లో మనమంతా చేసిందే, కొండ మీద ఇంకా తొందరగా చేస్తాం. తడి తువ్వాలు ముఖానికి కట్టుకుంటే చాలంటారు పాతవాళ్ళు. గొంతుకు హాయిగా ఉంటుంది, నలుసుల్ని మాత్రం ఆపదు. మాస్కును సంచీలో ఉంచుకో, అనుకోకుండా పొగలో చిక్కుకుంటే దిగి రావడానికి. ఎక్కడానికి దాన్ని టిక్కెట్టు అనుకోవద్దు.

ఇప్పుడు ఉబ్బసం. చిన్నతనంలో వచ్చి పోయిన ఉబ్బసం చాలామందిలో పోదు, పడుకుంటుంది. పొగ, చల్లగాలి, గట్టి శ్రమ, ఈ మూడూ దాన్ని లేపేవే. నువ్వు పొగనూ శ్రమనూ ఒకేచోట కలిపిపెట్టావు. గొంతు మంటతో వదిలింది, అదృష్టం. ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళి గొట్టంలోకి ఊదించే పరీక్ష చేయించుకో, పది నిమిషాల పని. చిన్నప్పటి కథ అంతా చెప్పు, ఈ కొండ కథ కూడా దాచకు. ఇన్‌హేలరు దగ్గర ఉంచుకోమంటే సిగ్గుపడకుండా జేబులో పెట్టుకో. ఆ ఆదివారం తర్వాత దగ్గు ఇంకా పోలేదా? రాత్రిళ్ళు పిల్లికూతలు వినిపిస్తున్నాయా? ఈ వారమే వెళ్ళు. ఎవరికైనా సరే, పొగ తగిలాక మాట పూర్తిచెయ్యలేనంత ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదాలు నీలం, మాట తడబాటు కనబడితే ఆలోచించకుండా 108. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నలు ఉండదు. సిగ్నలు ఎక్కడిదాకా ఉందో వెళ్ళేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

చివరికి నీ స్నేహితులు. నిన్ను పొగిడేశాను గనక ఒక తప్పు కూడా చెప్పాలి. దిగడం తప్పు కాదు. ఐదుగురు వెళ్ళి, ముగ్గురూ ఇద్దరూ అయ్యారు చూడు, అది తప్పు. పొగలో చీలిన జట్టులో ఎవడికి ఏమైందో రెండోవాళ్ళకు తెలియదు. పైన ఒకడికి కాలు బెణికితే మిగిలిన ఇద్దరూ మొయ్యలేరు, నిన్ను పిలవనూ లేరు. నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు, ఆ పుట్ట సంగతి జరిగాక, ఒక షరతు పెట్టాను. ఎవడైనా ఒక్కడు ‘దిగుదాం’ అంటే అందరం దిగుతాం, ఎందుకని అడగం. ఈ మాట బండి దగ్గరే అనుకోవాలి. కొండ మీద అనుకుంటే కుదరదు, అక్కడ ఎవడి రోషం వాడిది.

నీతో దిగినవాడు ఉన్నాడు కదా, వాడి గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు. నా అంచనా, వాడికి నీకంటే ముందే దిగాలనిపించి ఉంటుంది. నువ్వనేదాకా ఆగాడు. పైకెళ్ళిన ముగ్గురిలో కూడా అలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడెవడో కనుక్కోడానికి ప్రయత్నించకు, ఫోన్లో విడిగా మాట్లాడితే వాడే చెబుతాడు.

మీ ఆవిణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకోవద్దు. ‘మా ఆవిడ వద్దంది’ అని రాస్తే జోకు నీ మీద నుంచి ఆవిడ మీదికి మారుతుంది, నీకు అది ఇంట్లో చుట్టుకుంటుంది. డాక్టరు వద్దన్నాడనీ అబద్ధం ఆడొద్దు. ధవళేశ్వరం జనార్దనస్వామి కొండ దిగితే సముద్రం దాకా మనకు కొండన్నదే లేదు, పల్లపు నేలవాళ్ళం. కొండ తెలియదని ఒప్పుకోవడంలో నామోషీ ఏముంది?

వెళ్ళడానికి మంచికాలం వానలు తగ్గాక వచ్చే కార్తీకం. అడవి పచ్చగా ఉంటుంది, వాగుల్లో నీళ్ళుంటాయి, మంట అంటుకోదు. బండలు మాత్రం పాచిపట్టి జారతాయి, రెండు రోజులు ఎండ కాశాక వెళ్ళాలి. తుపాను కబురుంటే మానెయ్యాలి. అటవీశాఖ వాళ్ళను అడిగి, అనుమతి ఉన్నచోటికే, స్థానికుడొకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. అతనికిచ్చే కూలి దగ్గర బేరమాడొద్దు. బయల్దేరేముందు రోజు నాసా వాళ్ళ ఫర్మ్స్ పటం తెరిచి చూడండి, ఉపగ్రహాలు పట్టిన మంటలు ఎర్రచుక్కలుగా కనబడతాయి, డబ్బేం కట్టక్కర్లేదు. చెట్ల నీడన ఉన్న చిన్న మంటలు వాటికి అందవు కాబట్టి చుక్క లేదంటే మంట లేదని కాదు. చుక్కలు గుత్తులుగా ఉంటే మాత్రం ఆ వైపు వెళ్ళొద్దు. తెల్లారకముందే కొండ కింద ఉండండి. టిఫిను దిగాక.

గ్రూపులో ఏం రాయాలన్నావు. పెద్ద వ్యాసం రాయకు, ఎవడూ చదవడు. ఇలా పెట్టు: ‘ఒరేయ్, ఉగాది ఆదివారం నేను రావట్లేదు. పొగ తగ్గేదాకా ఆ కొండ నాకొద్దు. కార్తీకంలో వనభోజనాలు అక్కడే పెట్టుకుందాం, వంట ఖర్చు నాది, ఉసిరికాయ పచ్చడి మా ఇంటి నుంచి. చీకటితో బయల్దేరాలి. ఒకడు దిగుదామంటే అందరం దిగాలి. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి.’

దానికింద, నువ్వు నాకు పంపిన ఫొటోనే మళ్ళీ పెట్టు. శిఖరం మీద ముగ్గురూ చేతులెత్తి నిలబడ్డారు. బాగానే ఉన్నారు. వెనకాల మాత్రం కొండ లేదు, లోయ లేదు, ఆకాశం లేదు. అంబాజీపేట స్టూడియోలో తెల్లగుడ్డ ముందు దిగినట్టుంది. ఏమీ వ్యాఖ్య రాయకు. కార్తీకంలో అక్కడే ఇంకోటి దిగుదురుగాని.